నాలుగు సినిమాల డిస్కు: పచ్చ గీతల దగ్గర ఆపి చూడండి

రాయగడ బస్టాండు దగ్గరి పాత డిస్కుల దుకాణంలో నాలుగు ఇంగ్లీషు సైన్స్ ఫిక్షన్ సినిమాలున్న డీవీడీ ఒకటి దొరికిందని రాశారు. అందులో మీకు కావలసింది ‘ది థర్టీన్త్ ఫ్లోర్’ ఒక్కటే. మిగిలిన మూడింటిలో ఒకటి అంగారకుడి మీది నలుపు తెలుపు చిత్రం, రెండు పేరు వినని రాకాసి జంతువుల చిత్రాలు. దుకాణదారు 120 రూపాయలు అడుగుతున్నాడు. కొనవచ్చా అన్నది మీ ప్రశ్న.

డిస్కులో డేటా రాసే పొరలు రెండుంటే కొనండి. ఒక పొరదే అయితే, అందులో ఈ సినిమాకు పెద్ద వాటా ఇచ్చి ఉంటే తప్ప, ఉచితంగా ఇచ్చినా ఆ సినిమాను మొదటిసారి దాని మీద చూడకండి. పర్లాకిమిడిలో ఏళ్ల తరబడి డిస్కులు అద్దెకిచ్చి, వాపసు వచ్చిన ప్రతిదాన్నీ తుడిచి, వెలుగులో తిప్పి చూసిన అలవాటుతో చెబుతున్నాను. ఎందుకో చెప్పాలంటే ముందు సినిమా గురించి కొంత మాట్లాడుకోవాలి. డిస్కు మంచిదా కాదా అన్నది అందులో ఏ సినిమా ఉందన్న దాని మీద కూడా ఆధారపడుతుంది.

‘ది థర్టీన్త్ ఫ్లోర్’ 1999 నాటి చిత్రం. దర్శకుడు యోసెఫ్ రుస్నాక్. మూలం డేనియల్ గలూయే 1964లో రాసిన నవల. అదే నవలను జర్మనీలో ఫాస్‌బైండర్ 1973లోనే రెండు భాగాలుగా టెలివిజన్‌కు తీశాడు. ‘ది మ్యాట్రిక్స్’ వచ్చిన రెండు నెలల లోపే ఇది అమెరికాలో విడుదలై ఆ నీడలో పడిపోయింది. ఇందులో గాలిలో ఎగిరే పోరాటాలు లేవు. లాస్ ఏంజెలెస్‌లో ఒక సంస్థ కంప్యూటర్‌లో 1937 నాటి నగరాన్ని మనుషులతో సహా సృష్టిస్తుంది. ఆ సంస్థ పెద్ద హత్యకు గురవుతాడు. చనిపోయే ముందు తన సహచరుడికి ఒక సందేశాన్ని ఆ కంప్యూటర్ నగరంలోని మద్యశాల ఉద్యోగి చేతిలో పెట్టి వస్తాడు. అనుమానం ఆ సహచరుడి మీద పడుతుంది, అతడు లోపలికి వెళ్లి వెతకాలి. ఇక్కడితో ఆపుతాను.

లోపలికి వెళ్లే పద్ధతి మనకు కొత్త కాదు. అచ్చంగా పరకాయ ప్రవేశం. యంత్రం మీద పడుకున్నవాడి మనసు కంప్యూటర్ నగరంలోని తన పోలిక మనిషి దేహంలోకి వెళుతుంది, ఆ దేహపు అసలు యజమానికి ఆ గంటలు గుర్తుండవు. యోగవాసిష్ఠంలో లీల కథ విన్నవారికి లోకంలో లోకం అనే మాట బెదురు పుట్టించదు. మా దుకాణంలో ఈ సినిమాను ఇష్టపడి రెండోసారి తీసుకెళ్లినవారిలో పెద్దవాళ్లే ఎక్కువ. కుర్రవాళ్లు తుపాకులు తక్కువని తిరిగిచ్చేవారు.

ప్రేక్షకుడికి ఇప్పుడు ఏ లోకంలో ఉన్నాం అన్నది ఎవరూ నోటితో చెప్పరు. బొమ్మే చెబుతుంది. 1937 నగరం పాత ఫోటోలాగా పసుపు, గోధుమ ఛాయల్లో, రంగు తగ్గించి ఉంటుంది. బయటి నగరంలో రాత్రులు, నీడలు, చల్లని రంగులు ఎక్కువ. డిస్కు తయారు చేసినవాడు ఆ ఛాయలను నాశనం చేస్తే రెండు నగరాలూ ఒకే బురద రంగులోకి దిగిపోతాయి, కథలోని సగం ఆనందం పోతుంది. హాస్య చిత్రమో కుటుంబ కథో అయితే బొమ్మ కాస్త ముక్కలైనా మాటలతో నడిచిపోతుంది. దీనికి ఆ వెసులుబాటు లేదు. ‘వర్చువల్ రియాలిటీ’ అని అట్ట మీద వేసుకున్న 1990ల చిత్రాలన్నిటికీ కొంతవరకు ఇదే కష్టం. 1992 నాటి ‘ది లాన్‌మోవర్ మ్యాన్’లో కంప్యూటర్ లోకమంతా మెరిసే రంగులు, సొరంగాల్లో వేగంగా దూసుకుపోయే దృశ్యాలు. కదలిక ఎంత ఎక్కువైతే డిస్కులో అంత చోటు కావాలి. చౌక డిస్కులో లేనిదే చోటు.

ఇప్పుడు లెక్క చేద్దాం. ఒక పొర డీవీడీలో పట్టేది 4.7 జీబీ, రెండు పొరల దానిలో 8.5 జీబీ. మీ నాలుగు సినిమాలూ కలిపి సుమారు ఆరు గంటలు అనుకుందాం, అంటే 21,600 సెకన్లు. ఒక పొర డిస్కులో సెకనుకు సుమారు 1.7 మెగాబిట్ల డేటా వస్తుంది. శబ్దానికి పోగా బొమ్మకు మిగిలేది ఒకటిన్నర. పాత వీసీడీలో బొమ్మకు 1.15 మెగాబిట్లు ఉండేవి, కానీ అక్కడ బొమ్మ 352 చుక్కల వెడల్పు, 288 వరసలు మాత్రమే. డీవీడీ బొమ్మ 720 చుక్కల వెడల్పు, 576 వరసలు. చుక్కలు నాలుగు రెట్లయ్యాయి, వాటిని మోసే బిట్లు ఒకటిన్నర రెట్లు కూడా కాలేదు. సంత రోజున గుణుపురం బస్సులో ఇద్దరి సీటులో నలుగురు కూర్చున్నట్టే. అందరూ ఎక్కారు, ఎవరికీ కాళ్లు పెట్టుకునే చోటు లేదు. రెండు పొరల డిస్కయితే అదే ఆరు గంటలకు సెకనుకు మూడు మెగాబిట్లు దాటుతుంది. గొప్పగా ఉండదు, చూడగలిగేలా ఉంటుంది. ఒకే సినిమా ఉన్న మంచి డిస్కులో ఐదారు మెగాబిట్లు సులభంగా ఇవ్వవచ్చు, డీవీడీ నియమాల ప్రకారం బొమ్మకు గరిష్ఠం 9.8.

అయితే సగటు ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు. కొందరు తయారీదారులు తెలివిగా పేరున్న సినిమాకు పెద్ద వాటా ఇచ్చి, మిగిలిన మూడింటినీ నలిపి మూల పెడతారు. మీకు కావలసింది ఒక్క సినిమాయే కనుక అలాంటి డిస్కు మీకు లాభం. తెలుసుకోవడం కష్టం కాదు. డిస్కు డ్రైవు ఉన్న కంప్యూటర్‌లో పెట్టి ‘వీడియో టీఎస్’ ఫోల్డర్ తెరవండి. ఒక్కో సినిమాకు సాధారణంగా ఒక్కో వరుస సంఖ్యతో, బొమ్మా శబ్దమూ ఉండే వీఓబీ ఫైళ్లుంటాయి, ఒక్కో ఫైలు 1 జీబీ దాటదు. మీ సినిమా ఫైళ్ల పరిమాణాలను ఎంబీలలో కూడి, 8తో గుణించి (ఒక బైటుకు ఎనిమిది బిట్లు), సినిమా నిడివి సెకన్లతో భాగించండి. 96 నిమిషాలంటే 5,760 సెకన్లు. ఫైళ్లన్నీ కలిపి 2,800 ఎంబీ ఉంటే సెకనుకు 3.9 మెగాబిట్లు వస్తుంది, ధైర్యంగా కొనండి. 1,100 ఎంబీ ఉంటే 1.5 వస్తుంది, నమస్కారం పెట్టి వచ్చేయండి. మూడుకు కిందకు వచ్చిన దగ్గర్నుంచి నేను అనుమానించడం మొదలుపెడతాను. రెండుకు కిందైతే ఆలోచించను.

96 నిమిషాలు అన్నాను కదా, అసలు సినిమా నిడివి 100 నిమిషాలు. సినిమా సెకనుకు 24 ఫ్రేములు. మన దేశపు టీవీ పద్ధతి అయిన పాల్‌లో 25. అందువల్ల పాల్ డిస్కులో సినిమా నాలుగు శాతం వేగంగా నడిచి 96 నిమిషాలకే ముగుస్తుంది. ఎక్కడా కోత పడలేదు, కంగారు వద్దు. అమెరికా నుంచి వచ్చిన ఎన్‌టీఎస్‌సీ (అక్కడి టీవీ పద్ధతి) డిస్కయితే 100 చూపిస్తుంది. ఈ రెండూ కాకుండా 85 అనో 88 అనో చూపిస్తే మాత్రం ఎవరో కత్తెర వేశారు. కనీసం చివరి పేర్ల వరుస ఎగిరిపోయి ఉంటుంది.

డిస్కు కింది వైపు చూడండి. తెల్లని వెండి రంగయితే కర్మాగారంలో అచ్చు వేసినది, ఒక పొర. లేత బంగారు ఛాయ ఉంటే రెండు పొరలది కావచ్చు. ఊదా రంగు కనిపిస్తే ఎవరో ఇంట్లో కంప్యూటర్ మీద కాల్చినది, బేరం కూడా అనవసరం. రంగు మీద అనుమానం ఉంటే కంప్యూటర్‌ను అడిగి చూడండి. మొత్తం డేటా 4.38 జీబీ దాటి చూపిస్తే రెండు పొరలున్నట్టే. కంప్యూటర్ లెక్క పెట్టే తీరు వేరు కనుక 4.7 అన్నది 4.38గానూ, 8.5 అన్నది 7.95గానూ కనిపిస్తాయి. మధ్య రంధ్రం చుట్టూ ఉన్న వలయంలో సన్నని అక్షరాల్లో ఐఎఫ్‌పీఐ (అంతర్జాతీయ రికార్డింగు సంస్థల సంఘం) అనే గుర్తు, దాని పక్కన సంకేతం ఉంటే అది నమోదైన కర్మాగారపు పని అనడానికి ఒక ఆధారం. దొంగ అచ్చుల్లో ఆ చోటు ఖాళీగానో గీకేసినట్టో ఉంటుంది.

అట్ట వెనుక చూడవలసింది సినిమా తారల బొమ్మలను కాదు. మన కాపీరైట్ చట్టంలోని 52ఎ సెక్షన్ ప్రకారం అమ్మే వీడియో చిత్రం మీద సెన్సార్ సర్టిఫికెట్ ప్రతి, తయారు చేసినవారి పేరు చిరునామా, హక్కుదారు పేరు చిరునామా ఉండాలి. మరో తర్కం కూడా ఉంది. చౌక సంకలనాల్లోకి వచ్చే పాత నలుపు తెలుపు చిత్రాల్లో చాలావాటికి అమెరికాలో హక్కులు ఎప్పుడో ముగిశాయి, ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. మిల్ క్రీక్ వంటి సంస్థలు 50 సినిమాలను ఒకే పెట్టెలో పెట్టి అమ్మగలిగింది అందుకే. మీ అంగారకుడి సినిమా బహుశా ఆ కోవదే. 1999 నాటి కొలంబియా సంస్థ చిత్రం ఆ కోవలోకి రాదు. ఎవరో డబ్బు కట్టి హక్కు తెచ్చుకోవాలి, కట్టినవాడు ఆ విషయం చిన్న అక్షరాల్లోనైనా తప్పక రాసుకుంటాడు. ఆ వరుస లేకపోతే ఈ సినిమా దొంగిలించినదే. మీ అట్ట మీద అంతరిక్ష నౌక బొమ్మ ఉందన్నారు. ఈ సినిమాలో అంతరిక్ష నౌకే లేదు. అట్ట గీసినవాడు సినిమా చూడలేదన్నమాట.

చౌక అన్నంత మాత్రాన తీసిపారేయకండి. మోజర్ బేర్ సంస్థ 2007 ప్రాంతంలో వీసీడీ 28 రూపాయలకు, డీవీడీ 34 రూపాయలకు అమ్మింది. అవి చట్టబద్ధమైన డిస్కులే. ఆ ధరలు వచ్చాక మా వంటి అద్దె దుకాణాలకు దినగండమైంది. డిస్కు ధర ఎప్పుడూ కాగితం, ప్లాస్టిక్ ఖర్చును చెబుతుంది, లోపలి పనితనాన్ని చెప్పదు.

దుకాణంలో వేసి చూపించమని అడగండి. అతడు మొదటి సినిమా మొదటి ఐదు నిమిషాలు వేసి ‘చూడండి, అద్దంలా ఉంది’ అంటాడు. దాన్ని లెక్కలోకి తీసుకోకండి. రిమోట్ మీరే తీసుకుని ‘ది థర్టీన్త్ ఫ్లోర్’ను మూడు చోట్ల ఆపండి.

మొదటిది 1937 నాటి హోటల్ లోపలి దృశ్యాలు. దీపాలు, పొగ, గోధుమ రంగు గోడలు, పాటలు పాడే బృందం. గోడ మీద వెలుగు నుంచి నీడకు మెల్లగా జారాలి. మెట్లు మెట్లుగా పట్టీలు కనిపిస్తే, ముఖాలు మైనపు బొమ్మల్లా నున్నగా ఉంటే బిట్లు చాలలేదని అర్థం. దుకాణంలోని పాత డబ్బా టీవీలో ఈ లోపాలు దాగిపోతాయి, దగ్గరగా వెళ్లి చూడండి. రంగులు మరీ పచ్చగా ఎర్రగా ఉంటే తప్పు డిస్కుది కాకపోవచ్చు, టీవీలో రంగు పెంచి పెట్టి ఉంటారు. తగ్గించి చూడండి.

రెండోది బయటి నగరపు రాత్రి దృశ్యాలు. నల్లని కోటు, నల్లని నేపథ్యం. ఇక్కడ చతురస్రపు ముక్కలు కదులుతూ కనిపిస్తే ఆ డిస్కు చీకటిని నిలుపుకోలేదన్నమాట.

మూడోదే అసలు పరీక్ష. సినిమా సగం దాటాక లోకపు అంచు వస్తుంది. రోడ్డు, కొండలు మామూలుగా ఉండి, ఆ తరువాత ఆకుపచ్చని సన్న గీతల వలగా మారిపోతాయి. కంప్యూటర్ నమూనా లోపలి ఎముకలు బయటపడ్డట్టు ఉంటుంది ఆ దృశ్యం. కథకు అదే కీలకమైన మలుపు, డిస్కుకు అదే కఠినమైన గండం. డీవీడీలో వెలుగు సమాచారం పూర్తిగా ఉంటుంది, రంగు సమాచారం మాత్రం అడ్డంగా సగం, నిలువుగా సగం, అంటే 360 చుక్కలు 288 వరసలకే. అందువల్ల సన్నని రంగు గీత ఎంత మంచి డిస్కులోనైనా కొంచెం చెమర్చినట్టు పక్కకు వ్యాపిస్తుంది. అది క్షమించవచ్చు. బిట్లు తక్కువైన డిస్కులో గీతల చుట్టూ దోమలు ముసిరినట్టు నలకలు కదులుతాయి, దూరపు గీతలు కలిసిపోయి పచ్చని మరకగా మిగులుతాయి. అది క్షమించరానిది. అడ్డగీతలు కెరటాల్లా వణికితే ఫ్రేములను సరి, బేసి వరసలుగా విడగొట్టిన పని సరిగా జరగలేదు. ఆ చోట బొమ్మను నిలిపి దువ్వెన పళ్లలాంటి అంచులు ఉన్నాయేమో చూడండి. గీతలు గీతలుగా నిలిస్తే మిగతా సినిమా సంగతి నేను హామీ ఇస్తాను.

తరువాత ఒక్క నిమిషం నాలుగో సినిమా చివరికి వెళ్లండి. ఆ సినిమా మీకు అక్కర్లేకపోయినా వెళ్లండి. డీవీడీని లేజర్ లోపలి నుంచి అంచు వైపు చదువుతుంది. ఒక పొర డిస్కు నిండా సినిమాలు కుక్కితే చివరి సినిమా అంచుకు చేరుతుంది. వేళ్లు తగిలేది, గీతలు పడేది, డిస్కు వంగిపోయేది అంచునే. రెండు పొరల డిస్కులో మొదటి పొర అంచుకు చేరాక రెండో పొర సాధారణంగా అక్కడి నుంచి వెనక్కు వస్తుంది కనుక, అంచున ఉండేది వరుసలో మధ్యలోని సినిమా. మీ సినిమా రెండోదో మూడోదో అయితే అక్కడ బొమ్మ ఆగి ఆగి నడుస్తుందేమో చూసుకోండి. పొర మారేటప్పుడు అరక్షణం ఆగడం సహజం.

గీతల విషయంలో ఒక్క మాట. లోపలి నుంచి బయటకు నిలువుగా ఉన్న గీతలను చాలా ప్లేయర్లు భరిస్తాయి. డిస్కు గుండ్రని దారి వెంబడి పడ్డ గీత ఒక్కటైనా ప్రమాదమే. తుడిచేటప్పుడు కూడా లోపలి నుంచి బయటకే తుడవాలి, గుండ్రంగా తిప్పకూడదు. మన వైపు వానాకాలపు తేమకు డిస్కుల మీద తెల్లని చుక్కలు పడతాయి. పైన ఉంటే తడి గుడ్డతో పోతాయి. పోలేదంటే లోపలి లోహపు పొర పాడవుతోంది, దానికి వైద్యం లేదు.

బొమ్మ ఆకారం కూడా గమనించండి. ఈ సినిమా వెడల్పు, ఎత్తుల నిష్పత్తి 2.35:1. చౌక సంకలనాల్లో పాత నలుచదరపు టీవీ కోసం తయారు చేసిన ప్రతినే తెచ్చి వేస్తారు. పైనా కిందా నల్లపట్టీలతో 4:3 చట్రంలో పెడితే 576 వరసల్లో అసలు బొమ్మకు దక్కేది 327. వెడల్పు టీవీ కోసం సరిగా తయారు చేస్తే 436 దక్కుతాయి. వెడల్పు టీవీలో వేసినప్పుడు నాలుగు వైపులా నల్లపట్టీలు వచ్చి బొమ్మ మధ్యలో చిన్నదిగా కనిపిస్తే మొదటి రకం. అంతకంటే అన్యాయం పక్కలు కోసి తెర నింపడం. అలా కోస్తే వెడల్పులో 40 శాతానికి పైగా పోతుంది, ఇద్దరు మాట్లాడుకునే చోట ఒకరి ముక్కు మాత్రమే మిగులుతుంది. పక్కలు కోసిన ప్రతిని నేను ఏ ధరకూ కొనను. తమాషా ఏమిటంటే మీ అంగారకుడి నలుపు తెలుపు చిత్రం 1950ల మొదట్లోదో అంతకు ముందుదో అయితే దాని ఆకారమే దాదాపు 4:3. వరసలన్నీ దానికే దక్కుతాయి, ఈ డిస్కులో అది అన్నిటికంటే బాగా కనిపించినా ఆశ్చర్యపోకండి. రాకాసి జంతువుల చిత్రాలను డిస్కుతో వచ్చిన కొసరుగా వదిలేయండి.

శబ్దం సంగతికి వస్తే, ఒడిశా వైపు దొరికే ఇలాంటి డిస్కుల్లో హిందీ డబ్బింగ్ ఒక్కటే ఉండటం తరచూ చూస్తాం. ఈ సినిమాలో ఒకే నటుడు రెండు లోకాల్లో రెండు వేర్వేరు మనుషులు. విన్సెంట్ డొనోఫ్రియో బయట మెత్తని ప్రోగ్రామర్, లోపల గట్టి మద్యశాల ఉద్యోగి. గొంతు, మాట తీరు రెండూ మారతాయి. ముఖ్య పాత్రల్లో మరికొన్నిటికీ ఇదే తీరు. చౌక డబ్బింగ్‌లో ఒకే గొంతు ఒకే ధోరణిలో రెండు పాత్రలకూ చదివేస్తే ఎవరి దేహంలో ఎవరున్నారో తెలిపే రెండో దారి కూడా మూసుకుపోతుంది. ఇంగ్లీషు శబ్దం, కింద ఇంగ్లీషు అక్షరాలు ఉన్న డిస్కును వెతకండి. పాల్ వేగం వల్ల గొంతులు కొంచెం సన్నబడతాయి, రెండు నిమిషాల్లో చెవికి అలవాటైపోతుంది.

మీ ఇంటి ప్లేయర్ గురించి అడిగారు. ఇండియా డీవీడీ ప్రాంతం సంఖ్య 5, అమెరికాది 1. మన వైపు అమ్మిన చౌక ప్లేయర్లు చాలావరకు ఏ ప్రాంతపు డిస్కునైనా ఆడిస్తాయి. పేరున్న పాత ప్లేయరైతే అట్ట మీది భూగోళపు బొమ్మలో అంకె చూసుకోండి. అమెరికా డిస్కు పాత డబ్బా టీవీలో నలుపు తెలుపుగా వస్తే డిస్కు చెడిందనుకోకండి, టీవీకి ఎన్‌టీఎస్‌సీ రంగు పద్ధతి తెలియదంతే.

ధర విషయానికి వస్తే, అచ్చు డిస్కు, రెండు పొరలు, పచ్చ గీతలు చెదరకుండా ఉంటే 120 అడిగినవాడికి 80 చెప్పి 100 దగ్గర ఆగండి. వేసి చూపించనంటే బేరమాడకుండా వచ్చేయండి. బరంపురంలో పాత అద్దె దుకాణాలు మూసేసినవారు తమ నిల్వలను ఇప్పటికీ అట్టపెట్టెల్లో పెట్టి అమ్ముతున్నారు, ఈ సినిమా ఒక్కటే ఉన్న డిస్కు అక్కడ ఇంతకంటే తక్కువకు దొరికే అవకాశం ఉంది. ఎలాగూ కంప్యూటర్‌లో పెట్టి చూస్తారు కనుక ఫైళ్ల పరిమాణాలు రాసి పంపండి, భాగహారం నేను చేసి చెబుతాను.